ఆదివారం పరామర్శ గిన్నెలు

డ్యూయీ స్టాల్‌కప్ పోయి ఎన్నేళ్లయిందో చెప్పాలంటే అతని భార్య ఒనీటా కూడా కాస్త ఆలోచించుకోవాలి గానీ, హేజెల్ ఫోర్క్ ఊరి మగవాళ్లకి మాత్రం ఆ దుఃఖం ఇంకా పచ్చిగానే ఉంది. సోమవారం నుంచి శనివారం దాకా ఒక్కడికీ ఆయన గుర్తుకు రాడు. ఆదివారం చర్చి వదిలాక ఇంటికెళ్లి, వేయించిన కోడి తిని, టీవీలో ఫుట్‌బాల్ మొదలయ్యే వేళకి అందరికీ ఒక్కసారిగా గుండె బరువెక్కుతుంది. పాపం డ్యూయీ, పాపం ఆ ఒంటరి ఆడది, ఎలా ఉందో ఏమిటో అనుకుంటూ వంటింట్లోంచి ఒక గాజు గిన్నె తీసుకుని, పైన రేకు కాగితం బిగించి, ట్రక్కెక్కుతారు.

చావు ఇంటికి మూతపెట్టిన గిన్నెతో వెళ్లడం అక్కడి మర్యాద. లోపల ఉడికించిన బీన్సో, పిండి మూత వేసి కాల్చిన చికెన్ పైయో, ఏదో ఒకటి ఉండాలి. ఒనీటా ఇంటికి వచ్చే గిన్నెల్లో గాలి తప్ప ఏమీ ఉండేది కాదు. తిరిగి వెళ్లేటప్పుడు మాత్రం రేకు కింద చల్లటి బీరు డబ్బాలు పడుకుని ఉండేవి.

బాస్కమ్ కౌంటీ చట్టం ప్రకారం ఆదివారం బీరు అమ్మకూడదు, కొనకూడదు. తాగొచ్చు. అంటే ముందుచూపు ఉన్నవాడు ప్రభువు దినాన నిక్షేపంగా తాగి పడుకోవచ్చు, మతిమరుపు వాడు మాత్రం పవిత్రంగా బతకాలన్నమాట. ఇందులో దేవుడికి ఏ ముక్క నచ్చిందో ఆ చట్టం రాసిన పెద్దలకే తెలియాలి. పోనీ శనివారమే కొనుక్కోవచ్చు కదా అంటారా? బీరమ్మే కొట్టు ఊరు మొత్తానికీ ఒక్కటే, అదీ కోర్టుకి ఎదురుగా. లోపలికెళ్లేవాణ్ణి సగం ఊరు చూస్తుంది, బయటికొచ్చేవాణ్ణి మిగతా సగం చూస్తుంది. చర్చిలో కానుకల పళ్లెం పట్టుకుని తిరిగే పెద్దమనిషి అలాంటి చోటికి ఎలా వెళతాడు చెప్పండి. ఒనీటాకైతే పోయే పరువేమీ లేదు. శనివారం ఆవిడ కొనేది, ఆదివారం వాళ్లు పరామర్శించేవారు.

ఈ వ్యాపారం ఆవిడ పెట్టింది కాదు, ఆవిడ నెత్తిన పడింది. డ్యూయీని పూడ్చిన మర్నాడు ఆదివారం. చేపలవేటకని అతను ఐసు తొట్టిలో పెట్టుకున్న బీరు వెనక వరండాలో అలాగే ఉంది. ఓదార్చడానికొచ్చిన మగవాళ్లు ఆ తొట్టి దగ్గరే నిలబడి ఓదార్చారు. సాయంత్రానికి తొట్టి ఖాళీ అయింది, గిన్నెల కింద కొన్ని నోట్లు మిగిలాయి. పై ఆదివారం వాళ్లే మళ్లీ ఓదార్చడానికొచ్చారు. ఆ మూడో వారం మేజోళ్ల మిల్లు మూతపడి ఒనీటా ఉద్యోగం ఊడింది. ఇంతమంది ఇంత ప్రేమగా ఓదారుస్తామంటుంటే కాదనడం దేనికని ఆవిడ ఇంకో తొట్టి కొంది.

ఆ వెనక మెట్ల దగ్గర నియమం ఒకటే. అక్కడ ఎవరూ ఎవరినీ చూడరు. ముందువాడు అన్నదమ్ముడైనా సరే, వెనకవాడు వియ్యంకుడైనా సరే, అందరూ కంచె అవతల ఉన్న పైన్ చెట్లకేసి చూస్తూ నిలబడాలి. పోలీసు డెప్యూటీ డెల్బర్ట్ యూనిఫారం విప్పి వచ్చి అదే చెట్లను చూసేవాడు. నీలం పూల గిన్నె పట్టుకుని జడ్జి మెబ్రీ కూడా చూసేవాడు. ఆ చెట్లను చూసినంత శ్రద్ధగా వాళ్లు బైబిలు చూసి ఉంటే ఈపాటికి అందరూ స్వర్గంలో ఉండేవారు.

చిక్కేమిటంటే, ఆ నియమం మెట్ల దగ్గర ఆగలేదు. ఆదివారం పొద్దున ఒనీటా కూడా చర్చికి వెళ్లేది, అందరితోపాటు పాడేది. బయటికొచ్చాక చర్చి మెట్ల మీద అందరూ చేతులు కలుపుకుంటుంటే ఆవిడ చెయ్యి మాత్రం ఖాళీగా ఉండేది. ఎవరూ తిట్టేవారు కాదు, పొమ్మనేవారు కాదు. ఆవిడ ఉన్నచోట ఒక స్తంభం ఉన్నట్టు పక్కనుంచి తప్పుకుని వెళ్లేవారు. మొదట్లో వ్యాపారంలో ఇదొక ఖర్చులే అనుకుంది. రానురాను అది బాధ పెట్టింది. ఎంత బాధ పెట్టిందంటే, వైలోడీన్ కుక్క తోక ఊపితే ఆగి దానితో మాట్లాడేది. వైలోడీన్ పక్కింటావిడ.

పరామర్శకులందరిలోకీ పెద్దవాడు హోబర్ట్ టిడ్‌వెల్. చర్చి పెద్ద. ఆదివారం అమ్మకాలకి అనుమతి ఇద్దామని కౌంటీ సభలో ఎవరు నోరెత్తినా, "ప్రభువు దినాన్ని సారాకి అమ్ముకుంటారా?" అని లేచి నిలబడేది ఆయనే. అలా నిలబడి నిలబడి దాహమేసేదేమో, మెట్ల దగ్గర వరసలో కూడా ముందు ఆయనే నిలబడేవాడు.

ఆ అక్టోబరు ఆదివారం కూడా ఆయనే ముందున్నాడు. చేతిలో ఆయన భార్య ఎర్లీన్ గాజు గిన్నె ఉంది. చర్చి విందుల్లో గిన్నెలు తారుమారు కాకుండా ఆడవాళ్లు అడుగున తెల్ల పట్టీ అంటించి పేరు రాసుకుంటారు. మగవాళ్లు గిన్నె కడగరు కాబట్టి అడుగున ఏముందో వాళ్లకి తెలియదు.

"ఎలా ఉన్నారు మిస్ ఒనీటా? డ్యూయీ లేని లోటు తీరేది కాదమ్మా."

"ఈ వారం ఎంత లోటుంది బ్రదర్?"

"ఎక్కువగానే ఉంది. మా బావమరిది వచ్చాడు."

"అయితే రెండో గిన్నె తేవాల్సింది. ఇంత దుఃఖం ఒక గిన్నెలో పట్టదు."

హోబర్ట్ నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. ఛాతీ పట్టుకుని, గిన్నె చేతిలో ఉండగానే మెట్ల పక్క గడ్డిలో కూలబడి వెల్లకిలా పడిపోయాడు.

వెనకాల వరసలో ఉన్నవాళ్లు ఏం చేశారంటారా? నియమం ప్రకారం చెట్లకేసి చూశారు. ఆ తర్వాత ఒక్కొక్కరే, తొందరేమీ లేనట్టు, ట్రక్కుల వైపు నడిచారు. ఒకాయన మాత్రం ఎంతో మంచివాడు, హోబర్ట్ కాళ్లు తొక్కకుండా బండి జాగ్రత్తగా పక్కకి తిప్పుకుని వెళ్లాడు.

ఒనీటా వంటింట్లోకి పరిగెత్తి ఫోన్ దగ్గర ఆగింది. అంబులెన్స్ అంటే షెరీఫ్ ఆఫీసుకే ఫోన్ చెయ్యాలి, బండి వెనకే డెప్యూటీ వస్తాడు, వరండాలో రెండు తొట్లూ బార్లా తెరుచుకుని నవ్వుతున్నాయి. హోబర్ట్‌ని ముందు వాకిట్లోకి లాగేస్తే అన్న ఆలోచన కూడా వచ్చింది, అబద్ధమెందుకు. కిటికీలోంచి చూస్తే ఆయన పెదాలు నీలంగా మారుతున్నాయి. ఆవిడ నంబరు తిప్పి, ఉన్నది ఉన్నట్టు చెప్పి, బయటికొచ్చి ఆయన పక్కన మోకాళ్ల మీద కూచుంది. మిల్లు వాళ్లు ఎప్పుడో ఒక పూట నేర్పించింది గుర్తు తెచ్చుకుని రెండు చేతులూ ఛాతీ మీద వేసి నొక్కడం మొదలుపెట్టింది. చేతులు పడిపోతున్నా నొక్కింది. "హోబర్ట్ టిడ్‌వెల్, నా పెరట్లో చస్తే నేనొప్పుకోను" అని తిడుతూ నొక్కింది. అంబులెన్స్ వచ్చేసరికి ఆయన దగ్గుతున్నాడు.

డెల్బర్ట్ వచ్చి, తొట్లను చూసి, టోపీ తీసి తల గోక్కున్నాడు.

"నేనొక్కణ్ణే వచ్చుంటే నాకేమీ కనపడేది కాదు మిస్ ఒనీటా. మరి ఈ అంబులెన్స్ వాళ్లిద్దరూ పక్క కౌంటీ వాళ్లు. వాళ్లకి కళ్లున్నాయి."

"మీ గిన్నె వంటింట్లో ఉంది. కడిగి పెట్టాను" అంది ఒనీటా.

డెల్బర్ట్ ఆ మాట వినలేదు. వినకుండానే కేసు రాసుకున్నాడు.

మూడు రోజులాగి ఆవిడ ఆసుపత్రికి వెళ్లింది. గది గుమ్మంలో ఎర్లీన్ అడ్డంగా నిలబడి ఉంది.

"ఆయన ఎవర్నీ చూడ్డం లేదు" అంది ఎర్లీన్.

"అది నాకు కొత్తేం కాదులే" అని వెనక్కి వచ్చేసింది ఒనీటా.

కోర్టు వాళ్లు ఆవిడకి పిన్‌కర్డ్ అనే కుర్ర వకీలుని ఇచ్చారు. అతను ఆవిడ వంటింట్లో కూచుని తీపి టీ తాగుతూ ధైర్యం చెప్పాడు.

"బీరు ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదండీ. అమ్మినట్టు రుజువు కావాలి. అంటే కొన్నవాడొకడు వచ్చి నేను కొన్నానని చెప్పాలి."

"కొన్నవాళ్లు ఊరంతా ఉన్నారు."

"అందుకే రుజువు కాదు."

ఒనీటా టీ గ్లాసు తిప్పుతూ కూచుంది. "నేనడిగేది అది కాదు బాబూ. హోబర్ట్ ఆ బోనులో నిలబడి, ఈవిడ లేకపోతే నేను చచ్చేవాణ్ణి అని ఒక్క మాటంటాడా? అందరి ముందూ. నా పేరు పెట్టి."

"అలా అంటే, అక్కడికెందుకెళ్లావని అడుగుతారు. ఆయన నిజం చెబితే మీరు జైలుకెళతారు."

"జైలు సంగతి తర్వాత చూసుకుందాం. అంటాడా, అనడా?"

పిన్‌కర్డ్ ఆవిడకేసి జాలిగా చూశాడు. చదువుకున్నవాడు కదా, ప్రాణం మీదికి వచ్చినప్పుడు మనుషులు అడిగే పిచ్చి కోరికల గురించి పుస్తకాల్లో చదివి ఉంటాడు.

విచారణ రోజున కోర్టు కిటకిటలాడింది. వరసలో చెట్లను చూసినవాళ్లంతా ఇప్పుడు గోడ మీద జెండాను చూస్తున్నారు. పైన జడ్జి మెబ్రీ కాగితాలను చూస్తున్నాడు. హోబర్ట్ కొంచెం చిక్కి, నల్ల సూటులో, బైబిలు మీద చెయ్యి వేసి నిజమే చెబుతానని ప్రమాణం చేశాడు. ప్రభుత్వ వకీలు ఈ ఊరికి కొత్త. ఆదివారం ఆయన గోల్ఫ్ ఆడతాడు కాబట్టి సంగతులేవీ తెలియవు.

"మిస్టర్ టిడ్‌వెల్, ఆ ఆదివారం ఈవిడ ఇంటి వెనక మీకేం పని?"

"ప్రార్థన కోసం వెళ్లానండి. ఆవిడ దారి తప్పిందని విని నా మనసు ఆగలేదు. మా ఆవిడ చేసిన చికెన్ పై పట్టుకుని వెళ్లాను."

"గిన్నె మీ ఆవిడదే. అడుగున పేరుంది. కాని లోపల ఖాళీ అండీ. తుడిచినట్టుంది."

హోబర్ట్ ఒక్క క్షణం జెండాకేసి చూశాడు. ప్రేరణ ఎక్కణ్ణుంచి వస్తుందో ఎవరు చెప్పగలరు.

"తినేసిందండి."

"ఎవరు?"

"ఆవిడే. నేను కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాను. ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి పై లేదు. ఆరుగురు తినే పై అండీ. ఆ ఆకలి చూసేసరికి నా గుండె తట్టుకోలేకపోయింది."

కోర్టంతా అయ్యో అన్నట్టు ఒక చప్పుడు చేసింది. ప్రభుత్వ వకీలు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"సరే. మీ ఛాతీ మీద చేతులేసి నొక్కి మిమ్మల్ని బతికించిందెవరు? డాక్టరు రిపోర్టులో ఉంది, ఎవరో చాలాసేపు నొక్కారని."

ఒనీటా కుర్చీలో ముందుకి వంగింది. ఇన్నాళ్లూ ఆవిడ ఎదురుచూసింది ఈ ప్రశ్న కోసమే. హోబర్ట్ ఇటు తిరిగితే చాలనుకుంది.

"దేవుడండి" అన్నాడు హోబర్ట్. "నాకు స్పష్టంగా తెలిసింది. అవి దేవుడి చేతులు."

వెనకనుంచి ఎవరో ఆమెన్ అన్నారు. ఒనీటా తన చేతులకేసి చూసుకుంది. మిల్లులో ఏళ్ల తరబడి మేజోళ్లు కుట్టి గరుకెక్కిన చేతులు, ఐసులో నాని పగిలిన వేళ్లు. దేవుడి చేతులు ఇంత అధ్వాన్నంగా ఉంటాయా అనుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, అవి కారితే ఒప్పుకున్నట్టవుతుందని తల పైకెత్తి కూచుంది.

జడ్జి మెబ్రీ గొంతు సవరించుకున్నాడు. "ఏమ్మా, ఆ పై నువ్వు తిన్నావా?"

పిన్‌కర్డ్ బల్ల కింద ఆవిడ మోచెయ్యి గట్టిగా నొక్కాడు. లేదంటే ఖాళీ గిన్నె ఎందుకొచ్చిందన్న ప్రశ్న వస్తుంది, జైలు వస్తుంది. అవునంటే మనిషి ప్రార్థన చేస్తుంటే పక్కన కూచుని ఆరుగురి తిండి తిన్న ఆడది అవుతుంది. ఒనీటా హోబర్ట్ కేసి చూసింది. ఆయన జెండాలో చుక్కలు లెక్కపెడుతున్నాడు.

"తిన్నానండి" అంది. కాస్త ఆగి, "ఉప్పు తగ్గింది" అంది.

మూడో బెంచీలోంచి ఎర్లీన్ దిగ్గున లేచింది. "నా చికెన్ పైలో ఇంతవరకు ఏనాడూ ఉప్పు తగ్గలేదు. ఆరోజు కూడా సరిగ్గా వేశాను."

ఆరోజు ఆవిడ చికెన్ పై చెయ్యలేదని ఆవిడకీ, మొగుడికీ, ఆ కోర్టులో సగం మందికీ తెలుసు. అయినా చేసిన మనిషే ఉప్పు సంగతి సాక్ష్యం చెప్పాక ఇక పై లేదనేవాడెవడు? మరి తొట్ల నిండా బీరెందుకని ప్రభుత్వ వకీలు నీరసంగా అడిగాడు. "అంత తిన్న మనిషికి దాహం కూడా వేస్తుంది కదయ్యా" అని జడ్జి కేసు కొట్టేశాడు.

అలా చట్టం గెలిచింది, ధర్మం గెలిచింది, ఒనీటా తిండిపోతూ తాగుబోతూ అయి ఇంటికొచ్చింది. ఆ వారమంతా చర్చి ఆడవాళ్లకి జాలి పొంగింది. వైలోడీన్ గిన్నె తెచ్చి ఇస్తే ఒనీటా అలవాటుగా ఒక చేత్తో అందుకుంది. అది బరువుగా ఉండి, చేతిలోంచి జారబోయింది.

"ఇందులో ఏముంది?" అంది అనుమానంగా.

"బీన్సే. ఆకలికి ఆగలేకపోతున్నావంటగా. నాకొక్క మాట చెప్పకూడదటే, పక్కింట్లో చచ్చానా?" అంది వైలోడీన్.

ఆదివారం హోబర్ట్ చర్చిలో సాక్ష్యం చెప్పాడు. పాపిని రక్షించబోయి ప్రాణం మీదికి తెచ్చుకున్న వైనం వింటూ జనం కళ్లొత్తుకున్నారు. బయట మెట్ల మీద ఆయన చెయ్యి కలపడానికి వరస కట్టారు. ఒనీటాను దాటుకుంటూ వెళ్లి మరీ కట్టారు. ఆవిడ అక్కడ నిలబడలేదు. ఇంటికెళ్లి పొయ్యి వెలిగించింది.

ఆ మధ్యాహ్నం పరామర్శకి వచ్చినవాళ్లకి వెనక గేటు తాళం వేసి కనిపించింది. ట్రక్కులు దారి లేక ముందు రోడ్డు మీదే వరస కట్టాయి. మగవాళ్లు టోపీలు కళ్ల మీదికి లాక్కుని కూచున్నారు. ముందు వరండాలో, రోడ్డున పోయేవాళ్లందరికీ కనపడేలా, ఒనీటా కుర్చీ వేసుకుని కూచుంది.

అందరికంటే ముందు దిగింది హోబర్టే. ప్రాణం తిరిగొచ్చాక దాహం కూడా తిరిగొచ్చింది పాపం.

"ఎలా ఉన్నారు మిస్ ఒనీటా? డ్యూయీ లేని లోటు..."

"డ్యూయీ సంగతి ఉంచండి. ప్రార్థనకి కదా వచ్చారు? బైబిలు మీద చెయ్యి వేసి చెప్పారు. కానివ్వండి."

ఆయన రోడ్డుకేసి చూశాడు. "ఇక్కడా?"

"ఇక్కడే. మోకాళ్ల మీద. నిలబడి చేస్తే మళ్లీ పడతారు. మళ్లీ నొక్కే ఓపిక నాకు లేదు."

హోబర్ట్ వెళ్లిపోవచ్చు. వెళ్లిపోతే, బావమరిది ఎదురుగా ఖాళీ గిన్నె పట్టుకుని ఇంట్లో అడుగు పెట్టాలి. గిన్నె పక్కన పెట్టి, చిన్నగా మూలుగుతూ మోకాళ్ల మీదికి దిగాడు.

"ప్రభువా, ఈ పాపాత్మురాలిని..."

"అది కాదు."

"ప్రభువా, ఆకలితో ఉన్న ఈ..."

"అదీ కాదు బ్రదర్. మీ ఛాతీ మీద నొక్కిందెవరు?"

"దేవుడు..."

"దేవుడు ఆ టైముకి ఫుట్‌బాల్ చూస్తున్నాడు. చేతులెవరివి?"

ఒనీటా చేతులు ఆయన ముఖానికి ఎదురుగా, ఆవిడ ఒళ్లోనే ఉన్నాయి. హోబర్ట్ వాటిని చూశాడు. ఇన్నేళ్లలో ఆ ఇంటి దగ్గర ఆయన చెట్లు కాకుండా ఇంకోటి చూడడం అదే మొదలు.

"ఒనీటావి" అన్నాడు.

"ట్రక్కుల్లో వాళ్లకి వినపడలేదు."

"ప్రభువా" అని ఆయన గొంతు పెంచాడు, "నేను చచ్చిపోతుంటే నన్ను బతికించింది ఒనీటా స్టాల్‌కప్. మిగతావాళ్లంతా నన్నక్కడ వదిలేసి పోయారు." అక్కడితో ఆగుతాడనుకుంది. ఆగలేదు. "వాళ్లననడం దేనికి. ఆ పడ్డది ఇంకెవరైనా అయితే నేనూ పోయేవాణ్ణే."

ఆ చివరి మాట ఒనీటా అడగలేదు. అడగని మాట వచ్చేసరికి ఆవిడకి ఏడుపు ఆగలేదు. ఈసారి కళ్లు తుడుచుకోకుండానే, "ఆమెన్" అంది. రోడ్డు మీద ఒక ట్రక్కు ఇంజను స్టార్టయి, మళ్లీ ఆగిపోయింది.

ఆవిడ గిన్నె తీసుకుని లోపలికెళ్లి, రేకు బిగించి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. గిన్నె బరువుగా ఉంది. హోబర్ట్ ముఖం వెలిగింది. తర్వాత, చేతులకి చల్లగా తగలాల్సింది వేడిగా తగలడంతో రేకు అంచు ఎత్తి చూశాడు.

"ఇదేంటి?"

"చికెన్ పై. ఈరోజు ఆదివారం కదా బ్రదర్, చట్టం ఉంది, ఇంకేమిస్తాను?" అని కుర్చీలో కూచుంది ఒనీటా. "ఉప్పు సరిగ్గా చూసి వేశాను. ఎర్లీన్‌కి చెప్పండి."

తర్వాత రోడ్డు మీద వరసకేసి తిరిగి, గొంతెత్తి అడిగింది.

"ఊఁ, తర్వాత ఎవరు ప్రార్థనకి?"